మాట మీద నిలబడే ఎలక్ట్రోడు

జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లి చుట్టుపట్ల భూమిని కొంత లోతు త్రవ్వితే రాయి తగులుతుంది. అది గ్రానైటు, నైసు జాతుల రాయి. తెలంగాణ పీఠభూమిలో చాలా భాగానికి అదే పునాది. ఈ రాతి పగుళ్ళలో నిలిచిన నీరే చేదబావులకు, బోరుబావులకు ఆధారం. రాతిలో ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు వంటి ఖనిజాలు కొద్దికొద్దిగా ఉంటవి. ఏండ్ల తరబడి వాటిని ఒరసుకొని ఉన్న నీరు వాటిలోని ఫ్లోరైడును కరిగించుకొంటుంది. ఎంత కరిగించుకొంటుందన్నది పగులును బట్టి, లోతును బట్టి, నీటిలో ఉన్న సున్నం, సోడాల పాళ్ళను బట్టి మారుతుంది. అందుచేత ఇట్టి నేలలో ఒక బావి నీరు మంచిదైనంత మాత్రాన నూరు గజాల అవతలి బావి నీరు కూడా మంచిదని చెప్ప వీలు లేదు.

ఉప్పునీటిని నాలుక పట్టుకొంటుంది. ఇనుము గల నీటిని ఉతికిన బట్ట మీది మరక పట్టిస్తుంది. ఫ్లోరైడుకు మాత్రం రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరు నీటిలో ఒక మిల్లిగ్రాము వరకు ఉంటే ఫరవాలేదని, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లిగ్రాముల వరకు సహించవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అంతకు మించి ఏండ్ల తరబడి త్రాగితే ముందు పిల్లల పండ్లు గారపడుతవి. మోతాదు ఇంకా ఎక్కువైనచోట పెద్దవాళ్ళ వెన్ను, కీళ్ళు బిగుసుకొనిపోతవి. కనుక ఒక బావిని వాడుకోవాలా, మూసివేయాలా అన్నది ఒక అంకె మీద ఆధారపడి ఉన్నది. ఈనాడు ప్రయోగశాలలలో ఆ అంకెను ఎక్కువగా చెప్పేది ఫ్లోరైడు ఎలక్ట్రోడు అనే చిన్న కడ్డీ. అది ఉదయం చెప్పిన మాటనే సాయంకాలం కూడా చెప్పేటట్లు చేయడానికి శాస్త్రజ్ఞులు పడిన పాట్లు నూరేండ్లకు పైబడినవి.

రంగును నమ్ముకొన్న రోజులు

తెలుగుదేశంలో ఈ వ్యాధి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది నెల్లూరు జిల్లా నుంచి. పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పటికి ఆ జిల్లాలోనివే. అక్కడ నడివయసు రాకముందే వెన్ను కొయ్యబారి, మెడ తిప్పలేక, కూర్చుంటే లేవలేక పోతున్న రైతులను షార్ట్, మాక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు పరీక్షించి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్ అనే పత్రికలో ప్రకటించినారు. ఎక్స్‌రే చిత్రాలలో వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కొని కనిపించినవి. దానికి ఆరేండ్ల ముందే, 1931లో, అమెరికాలో చర్చిల్ అనే రసాయనజ్ఞుడు పండ్ల మీది గారకు నీటిలోని ఫ్లోరైడే కారణమని చూపి ఉన్నాడు. ఎముకలకు కూడా ఆ దోషం తగులుతుందని పొదిలి నీరు నేర్పింది. 1955లో ఏ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు ప్రాంతాలలోని పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గురించి లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు.

ఇన్ని పరిశీలనలకూ ఒకటే మూల ప్రశ్న: ఆ నీటిలో ఫ్లోరైడు ఎంత? 1930ల నుండి చాలాకాలం దీనికి జవాబు రంగు ద్వారానే వచ్చింది. జిర్కోనియం అనే లోహం అలిజరిన్ అనే అద్దకపు రంగుతో కలిస్తే ఎర్రని పదార్థం ఏర్పడుతుంది. దానిలో ఫ్లోరైడు గల నీరు పోస్తే ఫ్లోరైడు జిర్కోనియాన్ని తన వైపు లాగుకొంటుంది; ఎరుపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో, తెలిసిన ద్రావణాల పక్కన పెట్టి కంటితో పోల్చుకోవాలి. 1958 నుండి స్పాడ్న్స్ అనే మరొక రంగు వాడుకలోకి వచ్చింది. దాన్ని కంటికి బదులు కాంతిమాపకంతో కొలుస్తారు.

పద్ధతి తేలికే, కాని చిక్కులు చాలా ఉన్నవి. నీటిలో అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడును పట్టి ఉంచి లెక్క తగ్గిస్తుంది. ఫాస్ఫేటు ఉంటే అది తానే జిర్కోనియాన్ని లాగి, లేని ఫ్లోరైడును ఉన్నట్లు చూపుతుంది. నీరు మట్టిరంగుగా ఉంటే చెప్పనే అక్కరలేదు. ఈ అడ్డంకులను తప్పించడానికి విలార్డ్, వింటర్ అనే అమెరికన్లు 1933లో ఒక ఉపాయం చెప్పినారు: నీటికి గాఢామ్లం చేర్చి బట్టీ పట్టి, ఫ్లోరైడును సిలికాన్‌తో కూడిన ఆవిరిగా వేరు చేసి, ఆ తరువాతనే కొలవాలి. ఉపాయం మంచిదే. కాని ఒక్కొక్క నమూనాకు అంత సేపు మంట దగ్గర కాపలా ఉంటే ఒక తాలూకాలోని బావులన్నీ పరీక్షించేది ఎన్నడు?

గాజుబుడ్డి నేర్పిన పాఠం

నీటిలోని ఒక పదార్థాన్ని రంగు లేకుండా, బట్టీ లేకుండా, నేరుగా విద్యుత్తు ద్వారా తెలుసుకోవచ్చునన్న ఆలోచన ఫ్లోరైడు కంటె ముందు ఆమ్లాల విషయంలో ఫలించింది. 1906లో మ్యూనిక్ నగరంలో మాక్స్ క్రెమర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు పలుచని గాజుపొరకు ఒక వైపు ఆమ్లం, మరొక వైపు ఆమ్లం లేని ద్రావణం ఉంచి, పొర రెండు వైపుల మధ్య వోల్టేజి పుట్టడం చూసినాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్, క్లెమెన్‌సీవిచ్ దాన్ని కొలత సాధనంగా తీర్చినారు. గాజు ఉపరితలం తడిలో నానినప్పుడు అందులోని సోడియం అయాన్ల స్థానంలోకి హైడ్రోజన్ అయాన్లు చేరుతవి. లోపల, వెలుపల ఉన్న హైడ్రోజన్ అయాన్ల బలాబలాలను బట్టి వోల్టేజి ఏర్పడుతుంది. అదే గాజు ఎలక్ట్రోడు, నేటి పి.హెచ్. మీటరుకు ముందుకొన.

సూత్రం 1909లోనే దొరికినా సాధనం పాతికేండ్ల వరకు బజారుకు రాలేదు. కారణం గాజే. గాజు విద్యుత్తును దాదాపు పోనీయదు. పొర నిరోధం లక్షల, కోట్ల ఓములలో ఉంటుంది. పొరను పలుచన చేస్తే పగులుతుంది, మందం చేస్తే ఆనాటి గాల్వనామీటరుకు అందేటంత విద్యుత్తు రాదు. 1934లో కాలిఫోర్నియాలో నిమ్మజాతి పండ్ల పరిశ్రమలో పనిచేసే గ్లెన్ జోసెఫ్ నిమ్మరసం పులుపును కొలవలేక, తన పాత సహపాఠి ఆర్నల్డ్ బెక్‌మన్ దగ్గరకు పోయినాడు. రసం చెడిపోకుండా కలిపిన గంధక ధూమం లిట్మస్ రంగును విరిచివేస్తున్నది. బెక్‌మన్ రేడియోలలో వాడే శూన్యనాళికలతో వోల్టేజిని పెంచే పెట్టె ఒకటి చేసి ఇచ్చినాడు. దానితో మందపాటి గాజుబుడ్డిని వాడ వీలైంది. బుడ్డి విరగడం తగ్గింది, అంకె నిలిచింది. ఎలక్ట్రోడును బాగుచేయకుండా దాని వెనుక ఉన్న దాన్ని బాగుచేసినందువల్ల నిలకడ వచ్చిందన్న సంగతి విద్యార్థులు గమనించవలసినది. ఈ చరిత్రలో ఇట్టిది మళ్ళీ మళ్ళీ జరిగింది.

గాజు ఎలక్ట్రోడుకు మరొక దోషం ఉండేది. గట్టి క్షార ద్రావణంలో సోడియం ఎక్కువగా ఉంటే అది సోడియాన్ని కూడా హైడ్రోజన్‌గా లెక్కపెట్టి పొరబడేది. 1937లో రష్యన్ శాస్త్రజ్ఞుడు నికోల్‌స్కీ ఈ పొరపాటుకు ఒక సమీకరణం వ్రాసినాడు. 1957లో ఐసెన్‌మన్, అతని తోడివారు ఆ దోషాన్నే గుణంగా మార్చినారు. గాజులో అల్యూమినా పాలు పెంచితే సోడియం మీద మక్కువ పెరిగింది. సోడియాన్నే కొలిచే ఎలక్ట్రోడు తయారైంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడకపోతే తరువాతి కథ బోధపడదు. 1889లో నెర్న్‌స్ట్ కనుగొన్న నియమం ప్రకారం, ఒక విద్యుదావేశం గల అయాను గాఢత పదింతలు మారితే 25 డిగ్రీల వేడిమిలో వోల్టేజి 59.16 మిల్లీవోల్టులు మారుతుంది. పదింతలకు 59 అయితే ఒకటిన్నర ఇంతలకు ఎంత? ఇంచుమించు 10.4. అనగా లీటరుకు 1 మిల్లిగ్రాము ఫ్లోరైడు గల మంచినీటికి, 1.5 మిల్లిగ్రాముల సరిహద్దు నీటికి మధ్య ఉన్న తేడా కేవలం పది మిల్లీవోల్టులు. టార్చిలైటు ఘటం ఒక్కటి ఇచ్చే 1.5 వోల్టులలో ఇది ఇంచుమించు నూట యాభయ్యవ వంతు మాత్రమే. ఎలక్ట్రోడు ఒక్క మిల్లీవోల్టు తప్పు చెబితే ఫ్లోరైడు లెక్క నూటికి 4 చొప్పున తప్పుతుంది. అయిదు మిల్లీవోల్టులు జరిగితే, నిజంగా 1.3 ఉన్న నీరు ఒకసారి 1.58 అనిపిస్తుంది, మరొకసారి 1.07 అనిపిస్తుంది. ఒక అంకె ప్రకారం ఆ బావి మూయవలసినది, మరొక అంకె ప్రకారం నిశ్చింతగా త్రాగవలసినది! ఎలక్ట్రోడు నిలకడ అనే మాటకు గ్రామాలలో ఉన్న అర్థం ఇదే.

లాంథనం స్ఫటికం

గాజు ఋణావేశం గల ఫ్లోరైడు అయానును గుర్తించదు. అందుకు వేరే పొర కావాలి. 1960ల ఆరంభంలో బుడాపెస్టులో ఎర్నో పుంగోర్ వెండి అయొడైడు పొడిని పారఫినులోను, తరువాత సిలికోను రబ్బరులోను కలిపి పొరలు చేసి అయొడైడును కొలిచినాడు. ఘనపదార్థపు పొర కూడా పనికి వస్తుందని దీనివల్ల రుజువైంది. ఆ దారిలో అందరికంటె గొప్ప విజయం 1966లో వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఓరియన్ రిసెర్చి సంస్థలో పనిచేసే మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ అనే ఇద్దరు లాంథనం ఫ్లోరైడు స్ఫటికంతో ఎలక్ట్రోడు చేసి సైన్స్ పత్రికలో ప్రకటించినారు.

లాంథనం ఫ్లోరైడు నీటిలో దాదాపు కరగదు. స్ఫటికంలో లాంథనం అయాన్లు తమ తమ స్థానాలలో కుదురుగా ఉంటవి. ఫ్లోరైడు అయాన్లు మాత్రం ఖాళీ అయిన స్థానం నుంచి స్థానానికి జరుగగలవు. దానికి కొద్దిపాటి యూరోపియం కలిపితే ఇట్టి ఖాళీలు పెరిగి, స్ఫటికం విద్యుత్తును మరికొంత సులువుగా పోనిస్తుంది. ఆ ఖాళీ ఎంతటిదంటే, ఫ్లోరైడు పరిమాణమూ ఆవేశమూ గలదే అందులో ఇముడుతుంది. క్లోరైడు పెద్దది, దూరదు. నైట్రేటు, సల్ఫేటులకు దారే లేదు. దూరగలిగిన పోటీదారు ఒకటే: ఫ్లోరైడుతో సమానమైన పరిమాణం గల హైడ్రాక్సైడు. గట్టి క్షార ద్రావణాలలో తప్ప దాని బాధ ఉండదు.

గొట్టం కొనకు ఈ స్ఫటికపు బిళ్ళను అంటించి, లోపల సోడియం ఫ్లోరైడు, సోడియం క్లోరైడు కలిసిన ద్రావణం నింపి, వెండి క్లోరైడు పూత పూసిన వెండి తీగను ముంచితే ఎలక్ట్రోడు సిద్ధం. లీటరుకు 0.02 మిల్లిగ్రాముల వరకు ఇది పనిచేస్తుంది. బట్టీతో, రంగుతో కుస్తీ పట్టిన రసాయనజ్ఞులకు ఇది వరమే అయింది.

అయినా మొదటి రోజులలోనే ఒక సంగతి తేలింది: స్ఫటికం అబద్ధం చెప్పదు, కాని అడిగిన ప్రశ్నకు కాక మరొక ప్రశ్నకు జవాబు చెబుతుంది. మనం అడిగేది నీటిలో మొత్తం ఫ్లోరైడు ఎంత అని. అది చెప్పేది స్వేచ్ఛగా తిరుగుతున్న ఫ్లోరైడు అయాన్ల క్రియాశీలత ఎంత అని. నీటిలో ఇతర లవణాలు ఎక్కువైతే అయాన్లు ఒకదానికొకటి అడ్డుపడి ఆ క్రియాశీలత తగ్గుతుంది. ఆమ్లం ఎక్కువైతే ఫ్లోరైడు హైడ్రోజన్‌తో జతకట్టి కనిపించకుండా పోతుంది. అల్యూమినియం, ఇనుము ఉంటే వాటి గుప్పిట్లోకి పోతుంది. కనుక రెండు బావులలో ఫ్లోరైడు సమానంగా ఉన్నా రెండు అంకెలు రావచ్చు.

దీనికి ఫ్రాంట్, రాస్‌లే 1968లో విరుగుడు చెప్పినారు. నమూనాకు సమానంగా ఒక ద్రావణం కలపమన్నారు. దానిలో ఉప్పు పుష్కలంగా ఉంటుంది, కనుక నమూనాల సొంత లవణాల తేడాలు లెక్కలోకి రావు. అసెటిక్ ఆమ్లం, సోడియం అసెటేటు ఉంటవి, కనుక పి.హెచ్. 5కు కొంచెం పైన నిలుస్తుంది. అక్కడ హైడ్రోజన్ బాధా లేదు, హైడ్రాక్సైడు బాధా లేదు. కొంచెం సిట్రేటు ఉంటుంది. అది లోహాలను తాను పట్టుకొని ఫ్లోరైడును విడిపిస్తుంది. సిట్రేటు బలం చాలనిచోట సి.డి.టి.ఏ. అనే మరింత గట్టి పదార్థాన్ని తరువాతి వారు చేర్చినారు. స్ఫటికం కనుగొన్న సంగతి అందరికీ తెలుసు, ఈ ద్రావణాన్ని ఎవరూ తలచుకోరు. నిజానికి ఫ్లోరైడు ఎలక్ట్రోడు నమ్మదగిన పనిముట్టు అయినది 1966లో కాదు, 1968లో అనడం న్యాయం.

తెలంగాణలో ఈ విషయం పుస్తకాలకు పరిమితమైనది కాదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థకు చెందిన నవ్లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు గార్లు 1975లో ప్రకటించిన నల్లగొండ పద్ధతి సంగతి ఉపాధ్యాయులకు తెలిసినదే. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా త్రిప్పి, తేరనిస్తారు. పటికలోని అల్యూమినియం దూదిపింజల వంటి మడ్డిగా ఏర్పడి ఫ్లోరైడును తనతో అడుగుకు తీసుకొని పోతుంది. పల్లెలో దొరికే సరుకులతో, బిందెలోనైనా తొట్టిలోనైనా చేసుకోగల పద్ధతి ఇది. అయితే పటిక, సున్నం పాళ్ళు కుదరకపోతే కొంత అల్యూమినియం పైనీటిలోనే కరిగి మిగులుతుంది. దానితో కొంత ఫ్లోరైడు కూడా మిగులుతుంది. ఇప్పుడు ఆ నీటిలో ఎలక్ట్రోడును ఊరకే ముంచితే ఏమవుతుంది? అల్యూమినియం పట్టులో ఉన్న ఫ్లోరైడు దాని లెక్కలోకి రాదు. నీరు శుద్ధి అయినదనే అంకె వస్తుంది. త్రాగేవాని కడుపులోకి మాత్రం రెండు రకాల ఫ్లోరైడూ పోతుంది. శుద్ధి చేసే మందే కొలతను మోసగించే సందర్భం ఇది. పాత రంగు పద్ధతి కూడా ఇక్కడ ఇదే తప్పు చేస్తుంది, కనుక రెండింటినీ పోల్చి చూసుకొన్నా తప్పు బయటపడదు. అల్యూమినియాన్ని గట్టిగా పట్టే ద్రావణం కలిపి, అది పని ముగించేదాకా కొంతసేపు ఆగి కొలిస్తేనే సరియైన లెక్క.

నింద పడేది ఒకరి మీద

వోల్టేజి ఎప్పుడూ రెండు బిందువుల మధ్యనే ఉంటుంది. అందుచేత ఫ్లోరైడు ఎలక్ట్రోడు పక్కన మరొక ఎలక్ట్రోడు ఉండి తీరాలి. నీటిలో ఏమున్నా అది తన వోల్టేజిని మార్చుకోరాదు. వెండి–వెండి క్లోరైడు తీగను గాఢమైన పొటాసియం క్లోరైడులో ఉంచి, సన్నని రంధ్రాలు గల పింగాణి బిరడా గుండా ఆ ద్రావణాన్ని నమూనాలోకి బొట్టుబొట్టుగా కారనివ్వడం వాడుకలో ఉన్న ఏర్పాటు. పొటాసియం, క్లోరైడు అయాన్లు రెండూ నీటిలో ఇంచుమించు ఒకే వేగంతో పోతవి, కనుక కలిసేచోట అదనపు వోల్టేజి పెద్దగా పుట్టదు.

ప్రయోగశాలలలో అంకె జారిపోతున్నదని వచ్చే ఫిర్యాదులలో చాలా వాటికి మూలం ఈ బిరడా. మడ్డి పట్టి రంధ్రాలు పూడుతవి, లోపలి ద్రావణం మట్టం తగ్గుతుంది, గాలిబుడగ అడ్డుపడుతుంది. మిల్లీవోల్టులు ఇటూ అటూ ఊగుతవి. వెంటనే ఫ్లోరైడు స్ఫటికం పాడైందని దాన్ని రుద్దడం మొదలుపెడతారు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు.

వేడిమి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 25 డిగ్రీల దగ్గర 59.16 మిల్లీవోల్టులైన వాలు 35 డిగ్రీల దగ్గర 61.1 అవుతుంది. వేసవిలో బయటి నుంచి తెచ్చిన నమూనాను చల్లని గదిలో తయారైన ప్రమాణ ద్రావణంతో వెంటనే పోల్చితే లెక్క తప్పుతుంది. రెండూ ఒకే వేడిమికి వచ్చేదాకా ఆగడం కంటె మంచి ఉపాయం లేదు.

షరాబు లేని సంత

స్ఫటికం దొరికిన అదృష్టం ప్రతి అయానుకూ పట్టలేదు. పొటాసియం, కాల్షియం, నైట్రేటు వంటి వాటికి సరియైన స్ఫటికాలు లేవు. వాటిని ఏరి పట్టుకొనే సేంద్రియ పదార్థాన్ని నూనెలో కరిగించి, ప్లాస్టిక్ పొరలో ఇమిడ్చి వాడవలసి వచ్చింది. 1967లో రాస్ ద్రవరూపపు పొరతో కాల్షియం ఎలక్ట్రోడు చేసినాడు. స్విట్జర్లండులో విల్‌హెల్మ్ సైమన్ వాలినోమైసిన్ అనే సూక్ష్మజీవి మందు పొటాసియాన్ని సోడియం కంటె వేలరెట్లు ఇష్టపడటాన్ని ఉపయోగించుకొన్నాడు. 1970లో మూడీ, ఓక్, థామస్ అనే వారు పి.వి.సి. ప్లాస్టిక్ పొరను ప్రచారంలోకి తెచ్చినారు. ఆస్పత్రులలో రక్తంలోని పొటాసియాన్ని ఇట్టి పొరలతోనే కొలుస్తున్నారు. స్ఫటికానికి లేని జబ్బు ఒకటి వీటికి ఉన్నది: పొరలోని నూనె, ఏరి పట్టే పదార్థం మెల్లమెల్లగా నీటిలోకి జారిపోతవి. కనుక ఈ పొరలకు ఆయుస్సు తక్కువ.

ఇంకొక కష్టం లోపలి ద్రావణం. గొట్టంలో నీరు ఉన్నంతకాలం ఎలక్ట్రోడును తలక్రిందులు చేయరాదు, ఎండనివ్వరాదు, గోరంతకు చిన్నది చేయరాదు. ఆ నీటిని తీసివేస్తే? 1971లో కాట్రల్, ఫ్రైజర్ అనే శాస్త్రజ్ఞులు ప్లాటినం తీగ మీద నేరుగా పొరను పూసి చూసినారు. ఎంతో చౌక, ఎంతో తేలిక. కొలిచింది కూడా. కాని అంకె ఒకచోట నిలవలేదు. గంటగంటకూ జారుతూ వచ్చింది.

ఎందుకు జారిందో తెలియాలంటే నిజాం కాలపు జగిత్యాల సంతను తలచుకోవాలి. హైదరాబాదు సంస్థానంలో హాలీ సిక్కా చెల్లేది, సరిహద్దు దాటితే ఇంగ్లీషు కలదారు చెల్లేది. ఈ నాణెం ఇచ్చి ఆ నాణెం తీసుకోవాలంటే మధ్య షరాబు ఉండాలి, మారకపు ధర స్థిరంగా ఉండాలి. ఎలక్ట్రోడులో పొరకు చెల్లే నాణెం అయాను. తీగకు చెల్లే నాణెం ఎలక్ట్రాను. పాత గొట్టంలో వెండి క్లోరైడు పూత షరాబు పని చేసింది: క్లోరైడు అయాను ఒకటి చేరితే ఎలక్ట్రాను ఒకటి, నికరమైన ధరకు. ఫ్రైజర్ తీగ దగ్గర షరాబు లేడు. దారిన పోయే ఆక్సిజన్ ఒకసారి, మరేదో మలినం మరొకసారి ఆ పని చేసిపెట్టినవి. ధర పూటకొక తీరుగా మారింది.

1992లో కడోగన్, లెవెన్‌స్టామ్, ఇవాస్కా, డైమండ్ మొదలైనవారు పాలిపిరోల్ అనే విద్యుద్వాహక ప్లాస్టిక్‌ను తీగకూ పొరకూ మధ్య పెట్టినారు. అది అయాన్లనూ ఎలక్ట్రాన్లనూ రెండింటినీ చేర్చుకోగలదు. షరాబు దొరికినాడు. జారడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలిన దోషి ఎవరో 2000లో స్విట్జర్లండులో ఫిబ్బియోలి, ప్రెట్ష్, వారి సహచరులు చూపినారు: నీరు. లోపలి ద్రావణాన్ని తీసివేసినామని అనుకొన్నా, పొర గుండా కొంచెం తడి ఊరి, పొరకూ తీగకూ మధ్య కంటికి కనిపించని పలుచని నీటిపొరగా నిలుస్తున్నది. వెలుపలి ద్రావణం మారినప్పుడల్లా ఆ తడి కూర్పు నెమ్మదిగా మారుతుంది, దానితో అంకె జారుతుంది. దీన్ని పట్టుకొనే పరీక్ష కూడా వారు చెప్పినారు. ఎలక్ట్రోడును తన అయాను గల ద్రావణం నుండి తీసి వేరొక అయాను గల ద్రావణంలో కొన్ని గంటలు ఉంచి, మళ్ళీ మొదటిదానిలో పెట్టాలి. తడి లేకపోతే అంకె వెంటనే పాత చోటికి వచ్చి నిలుస్తుంది. తడి ఉంటే దారితప్పినట్లు నెమ్మదిగా తిరిగి వస్తుంది. చాలా సులభమైన పరీక్ష ఇది, పైగా అబద్ధాన్ని దాచనీయదు. అటు తరువాత మినెసోటాలో బ్యూల్‌మన్, స్టైన్ మొదలైనవారు 2007లో సూక్ష్మరంధ్రాలు గల కార్బనును, స్పెయినులో క్రెస్పో, రియుస్ మొదలైనవారు 2008లో కార్బను సూక్ష్మనాళికలను షరాబు స్థానంలో పెట్టినారు. కార్బను నీటిని సులభంగా చేరనీయదు, విస్తీర్ణం అపారం గనుక చిన్న చిన్న ఒడుదుడుకులను తనలోనే ఇముడ్చుకొంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎలక్ట్రోడులన్నీ ఒకే అంకె చెప్పి, క్రమాంకనమే అక్కరలేని రోజు రావాలని పరిశోధకులు ఈ దారిలో పనిచేస్తున్నారు.

ఫ్లోరైడు విషయంలో మాత్రం 1966 నాటి స్ఫటికానికి సరితూగేది ప్రయోగశాలలలో ఇంకా రాలేదు. మారినవి దాని చుట్టూ ఉన్నవే: మీటరు, ద్రావణం, రెండవ ఎలక్ట్రోడు, కొలిచేవారి అలవాట్లు.

ఆ అలవాట్లు హైస్కూలు విద్యార్థులకు కూడా అందనివి కావు. లీటరుకు 1 మిల్లిగ్రాము, 10 మిల్లిగ్రాముల ఫ్లోరైడు గల రెండు ప్రమాణ ద్రావణాలు తీసుకొని, రెండింటికీ సర్దుబాటు ద్రావణం సమపాళ్ళలో కలిపి, ఒకదాని తరువాత ఒకటి కొలవాలి. గాజు కంటె ప్లాస్టిక్ పాత్ర మేలు. ఫ్లోరైడు గాజును అంటిపెట్టుకొనే గుణం గలది. రెండు అంకెల తేడా 54 నుండి 60 మిల్లీవోల్టుల మధ్య ఉంటే ఎలక్ట్రోడు ఆరోగ్యంగా ఉన్నట్లు. తక్కువైతే ముందు బిరడాను చూడాలి, తరువాత లోపలి ద్రావణాన్ని, చివరకు స్ఫటికాన్ని. నమూనా పలుచనైనకొద్దీ అంకె నిలవడానికి ఎక్కువ సేపు పడుతుంది. అయిదు నిమిషాలైనా ఓపిక పట్టాలి. ద్రావణాన్ని ఒకే వేగంతో కలియబెట్టాలి.

జగిత్యాల జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. మిషన్ భగీరథ పథకం కూడా ఆ ఏడే ఆగస్టులో ప్రారంభమై పల్లెలకు నదీజలాన్ని గొట్టాల ద్వారా చేర్చింది. అయినా పొలంలో పనిచేసే కూలీ దాహానికి, నల్లా రాని పూట ఇంటి అవసరానికి బోరునీరే దిక్కవుతుంది. అందుచేత బావుల నమూనాలు సీసాలలో ప్రయోగశాలకు చేరుతూనే ఉండాలి. పని తెలిసిన ప్రయోగశాలలో పది నమూనాలు కొలిచిన తరువాత మళ్ళీ 1 మిల్లిగ్రాము ప్రమాణ ద్రావణాన్ని మీటరు ముందు పెడతారు. ఉదయం చెప్పిన అంకెకు అది రెండు మిల్లీవోల్టుల లోపల ఉంటే ఆ పదింటినీ చిట్టాలో వ్రాస్తారు. దాటితే పదింటినీ కొట్టివేసి మొదటి సీసా నుంచి మళ్ళీ కొలుస్తారు.